మేనేజరు గారబ్బాయి

క్రికెట్ చూసేవాళ్ళకి ట్రెంట్ బ్రిడ్జ్ గురించి చెప్పక్కర్లేదు. ఇండియా జట్టు నాటింగ్‌హామ్ వచ్చిందంటే మా ఇల్లు సత్రమైపోతుంది. లండన్ నుంచి ఇద్దరు, లీడ్స్ నుంచి ఒక కుటుంబం, పులిహోర డబ్బాలతో సహా దిగిపోతారు. ఆట అయ్యాక వాళ్ళని నది ఒడ్డుకి తీసుకెళ్ళి "అదిగో, ఆ ఎర్రరంగు స్టేడియం చూశారా?" అంటాను. "ఆఁ, అదేదో ఫుట్‌బాల్‌ది" అనేసి మళ్ళీ కోహ్లీ దగ్గరికి వెళ్ళిపోతారు.

ఆ అదేదో స్టేడియం పేరు సిటీ గ్రౌండ్. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ వాళ్ళది. మన విజయవాడ కంటే చిన్న ఊరు ఇది. ఇక్కడి జట్టు 1979లో ఒకసారి, 1980లో ఇంకోసారి యూరోపియన్ కప్ గెలిచింది. లండన్ క్లబ్బులు అప్పటికి ఆ కప్పు ఒక్కసారి కూడా ఎత్తలేదు. గెలిపించినాయన బ్రయన్ క్లఫ్. ఊళ్ళో మార్కెట్ స్క్వేర్ పక్కనే ఆయన విగ్రహం ఉంది, రెండు చేతులూ తలపైకెత్తి నవ్వుతూ. మనవాళ్ళు ఎవరో రాజకీయ నాయకుడనుకుని ఫోటో దిగుతుంటారు. పూర్తిగా తప్పూ కాదులెండి. ఈ ఊళ్ళో ఆయనకున్నంత పలుకుబడి ఏ మేయరుకీ ఉన్నట్టు నాకు తెలీదు.

నేను రాయదలుచుకున్నది ఆయన గురించి కాదు, ఆయన కొడుకు గురించి. నైజెల్ క్లఫ్. ఈ పేరెత్తితే ఇప్పటికీ మా వీధిలో ఒకే ఇంట్లో రెండు గొంతులు లేస్తాయి. మా పక్కింటాయన, ఆయన బావమరిది. ఒకాయన సిటీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. రెండో ఆయన ర్యాలీ సైకిళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అవును, మన తాతలు అపురూపంగా తుడుచుకుంటూ తొక్కిన ఆ ర్యాలీ సైకిలే, అది ఈ ఊరిదే. ఇద్దరూ డెబ్భై దాటినవాళ్ళు, ఇద్దరూ చిన్నప్పట్నించీ ఫారెస్ట్ మనుషులు. బ్రెగ్జిట్ మీద కూడా గొడవపడనివాళ్ళు నైజెల్ క్లఫ్ మీద పడతారు. నలభయ్యేళ్ళుగా ఒకటే తగువు. మంచి ఆటగాడని బస్సాయన. వాళ్ళ నాన్న మేనేజరు కాబట్టి ఆడాడని సైకిలాయన.

ఇక్కడ మేనేజరంటే ఏమిటో చెప్పాలి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్లో మేనేజరంటే లెక్కలు చూసుకునే ఉద్యోగి కాదు. ఎవరు ఆడాలో, ఎవరు బెంచీ మీద కూర్చోవాలో, ఎవర్ని కొనాలో, ఎవర్ని అమ్మాలో చెప్పేది ఆయనే. క్లఫ్ కాలంలో అయితే మరీను. కోచ్, సెలెక్టర్, సగం యజమాని, అన్నీ ఒక్క మనిషే. సెలెక్షన్ కమిటీలో ఉన్న పెద్దమనిషి కొడుకు రాష్ట్ర జట్టులోకొస్తే మనవాళ్ళు ఏమంటారో తెలిసిందే కదా. ఇక్కడ కమిటీ కూడా లేదు. శనివారం మధ్యాహ్నం పదకొండు పేర్ల కాగితం రాసేది తండ్రి, అందులో తొమ్మిదో నంబరు కొడుకు.

బ్రయన్ క్లఫ్ తనూ సెంటర్ ఫార్వర్డే. లీగ్‌లో 274 మ్యాచుల్లో 251 గోల్స్ కొట్టిన మనిషి. 1962 డిసెంబరు 26న సండర్లాండ్‌కి ఆడుతూ గోల్‌కీపర్‌తో గుద్దుకుని మోకాలు పోగొట్టుకున్నాడు. అక్కడితో ఆట దాదాపు ముగిసిపోయింది, ఇరవై ఏడేళ్ళకే. సరిగ్గా ఇరవై రెండేళ్ళ తరవాత, 1984 డిసెంబరు 26న, ఇప్స్‌విచ్ మీద ఫారెస్ట్ తరఫున కొత్త కుర్రాడొకడు దిగాడు. పద్ధెనిమిదేళ్ళ నైజెల్. తారీఖు కావాలని ఎంచారో యాదృచ్ఛికమో గానీ, బస్సాయన ఈ మాట చెప్పినప్పుడల్లా కాసేపు ఆగుతాడు. సైకిలాయన మాత్రం "క్రిస్మస్ మర్నాడు ప్రతి ఏడూ మ్యాచుంటుంది" అంటాడు.

కుర్రాడి ఆట తండ్రి ఆటలాంటిది కాదు. తండ్రి గోలు ముందు నిలబడి దొరికినదాన్నల్లా లోపలికి తన్నే రకం. కొడుకు వెనక్కొచ్చి, బంతిని కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఎవరు ఎటు పరిగెడుతున్నారో చూసి అందించే రకం. పరుగు తక్కువ. ఇది అభిమానులూ ఒప్పుకుంటారు. పాత వీడియోలు చూస్తే నాకూ అలాగే అనిపించింది. చుట్టూ అందరూ రైలు అందుకోవాల్సిన వాళ్ళలా పరిగెడుతుంటే ఈయనొక్కడూ ప్లాట్‌ఫారం మీద పేపరు చదువుకుంటున్నట్టుంటాడు. అంతలో ఆయన తన్నిన బంతి ఎక్కడో దూరంగా ఎవడి కాలి ముందో వాలుతుంది.

నెమ్మదిగా ఆడే ఆటగాడికి ప్రేక్షకుల్లో సగంమంది ఎప్పుడూ శత్రువులే. ఆ నెమ్మది ఆటగాడు మేనేజరు కొడుకు కూడా అయితే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. "ఇంటిపేరు స్మిత్ అయ్యుంటే రిజర్వులో కూర్చునేవాడు" అని సైకిలాయన ఇప్పటికీ అంటాడు.

కానీ అంకెలున్నాయి. 1987 డిసెంబరులో క్వీన్స్ పార్క్ రేంజర్స్ మీద నాలుగు నిమిషాల్లో మూడు గోల్స్. 1989లో వెంబ్లీలో లీగ్ కప్ ఫైనల్, లూటన్ మీద 3-1, అందులో రెండు నైజెల్‌వి. ఫారెస్ట్‌కి మొత్తం 131 గోల్స్. నూట యాభై ఏళ్ళు దాటిన ఆ క్లబ్బు చరిత్రలో అంతకంటే ఎక్కువ కొట్టినవాడు ఒక్కడే, గ్రెన్విల్ మోరిస్, ఆయనా పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలెట్టిన మనిషి. యూరోపియన్ కప్పులు గెలిచిన జట్టులోని ఎవ్వరూ ఆ అంకె దగ్గరికి రాలేదు. నాన్న మేనేజరయితే జట్టులో చోటివ్వగలడు. అవతలి గోల్‌కీపర్ని పక్కకి జరగమని చెప్పలేడు కదా!

సైకిలాయన దగ్గర దీనికీ జవాబుంది. "తొమ్మిదేళ్ళు వదలకుండా ఆడిస్తే ఎవడైనా కొడతాడు."

ఆ మాట విన్నప్పుడు నవ్వొచ్చింది. ఎందుకంటే అచ్చం అదే మాట నేను ఇంకో రూపంలో పదేళ్ళు విన్నాను. మా నాన్న లెక్కల మాస్టారు. గోదావరి జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూలు. నేను చదివిందీ అక్కడే, ఆయన క్లాసులోనే. ఇంట్లో నాన్న, బళ్ళో సార్. పొరపాటున కూడా బళ్ళో నాన్నా అనకూడదు. హాజరు పిలిచేటప్పుడు నాకు పేరు లేదు, నంబరే. క్వార్టర్లీలో 98 వచ్చాయి. "వాళ్ళ నాన్నే కదా దిద్దింది" అన్నారు. మా నాన్న చెవిన పడ్డట్టుంది. హాఫియర్లీకి నా పేపరు ఒక్కటీ తీసి ఇంకో సెక్షన్ మాస్టారికిచ్చారు. ఆయన 100 వేశారు. ఈసారి "స్టాఫ్ రూములో టీ తాగుతూ చెప్పుంటాళ్ళే" అన్నారు. యాన్యువల్‌కి నాన్నే దిద్ది, చివరి మెట్టు రాయలేదని నాలుగు మార్కులు కోసేశారు. అదే మెట్టు రాయని నా పక్కవాడికి మాత్రం ఒక్కటే కోశారు. అప్పుడు మాత్రం అందరూ మా నాన్నని మెచ్చుకున్నారు, చాలా నిజాయితీపరుడని. ఆ మూడు మార్కుల అన్యాయం గురించి ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఎవరితో చెప్పుకుంటాం, హెడ్మాస్టారితోనా?

బ్రయన్ క్లఫ్ కూడా ఇంటర్వ్యూల్లో కొడుకుని పేరుపెట్టి పిలిచేవాడు కాదట. "మా నంబర్ నైన్" అనేవాడు. ఇక్కడివాళ్ళకి అదొక ముచ్చట, క్లఫ్ గారి చిలిపితనాల జాబితాలో ఇంకోటి. నాకైతే అది చిలిపితనంగా అనిపించలేదు. హాజరు పట్టీలో నంబరుగా గడిపినవాడికి అది వేరేగా వినబడుతుంది.

మాస్టారి అబ్బాయికి పబ్లిక్ పరీక్ష ఒక్కటే దిక్కు. పేపరు ఏ ఊరు పోతుందో, ఎవరు దిద్దుతారో తెలీదు. నైజెల్‌కి ఆ పబ్లిక్ పరీక్ష ఇంగ్లండ్ జట్టు. బ్రయన్ క్లఫ్ ఇంగ్లండ్ మేనేజరు ఎప్పుడూ కాలేదు. కానివ్వలేదని ఈ ఊరివాళ్ళకి ఇప్పటికీ కోపం. కాబట్టి నైజెల్‌ని ఇంగ్లండ్‌కి ఎంచింది పరాయివాళ్ళే, మొదట బాబీ రాబ్సన్, తరవాత గ్రాహం టేలర్. 14 మ్యాచులు ఆడాడు. బస్సాయనకి ఆ పద్నాలుగే రుజువు. అయితే ఆ పద్నాలుగింటిలో ఒక్క గోలూ కొట్టలేదు. సైకిలాయనకి అది రుజువు. ఏ పరీక్ష పెట్టినా ఇద్దరికీ పాస్ మార్కులు వచ్చే ప్రశ్నపత్రం ఇది.

అసలు గొడవ 1992-93 సీజన్‌ది. ప్రీమియర్ లీగ్ మొదలైన ఏడాది. డెస్ వాకర్ ఇటలీ వెళ్ళిపోయాడు. టెడ్డీ షెరింగ్‌హామ్‌ని ఆగస్టులోనే టోటెన్‌హామ్‌కి అమ్మేశారు. ఆయన బదులు గోల్స్ కొట్టేవాడిని ఎవర్నీ సరిగ్గా తేలేదు. బ్రయన్ క్లఫ్ ముఖం ఎర్రగా, ఉబ్బిపోయి, మనిషి తాగుడుతో పాడైపోతున్నాడని స్టేడియంలో చివరి వరస వాళ్ళకి కూడా కనబడుతోంది. జట్టు అట్టడుగుకి జారింది. నైజెల్‌ని ఒకసారి ముందు, ఒకసారి మధ్యలో ఆడించారు. ఆడిస్తూనే ఉన్నారు. లీగ్‌లో 10 గోల్స్ కొట్టాడు. చాల్లేదు. మే 1న సొంత మైదానంలో షెఫీల్డ్ యునైటెడ్ చేతిలో ఓడి కింది డివిజన్‌కి పడిపోయారు. ఆ రోజు సిటీ గ్రౌండ్‌లో జనం ఏడుస్తూ బ్రయన్ క్లఫ్ పేరే పాడారు. పద్ధెనిమిదేళ్ళు వాళ్ళని నడిపినవాడు, జట్టుని ముంచి పోతుంటే చప్పట్లు కొట్టారు. వారం తరవాత ఆఖరి మ్యాచు ఇప్స్‌విచ్‌లో. అదీ ఓడారు, 2-1. ఆ ఒక్క గోలూ పెనాల్టీ, కొట్టింది నైజెల్. తండ్రి కాలంలో ఫారెస్ట్ కొట్టిన చివరి గోలు కొడుకుది. మొదలుపెట్టిందీ ఇప్స్‌విచ్ మీదే.

సైకిలాయన ఆ ఏడాది గురించి చెప్పేటప్పుడు జాగ్రత్తగా వినాలి. షెరింగ్‌హామ్‌ని అమ్మిందెవరు? "క్లబ్బు." బదులు మనిషిని తేనిదెవరు? "డైరెక్టర్లు." నెమ్మదైపోయిన మధ్యవరుసని మార్చనిదెవరు? "వాళ్ళబ్బాయి ఉన్నాడు కదా, ఎలా మారుస్తాడు?" ఒక్క వాక్యంలో కూడా బ్రయన్ క్లఫ్ కర్త కాడు. ఆయన ఇంట్లో గోడ మీద క్లఫ్ సంతకం చేసిన ఫోటో ఉంది. ఆ ఫోటో కింద కూర్చుని క్లఫ్‌ని తిట్టలేడు. ఆ సీజన్ తాలూకు కోపం ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా. తండ్రి మీద పెట్టలేనిది కొడుకు మీద పెట్టాడు. ముప్ఫై ఏళ్ళు దాటినా దించలేదు.

ఆ వేసవిలోనే లివర్‌పూల్ నైజెల్‌ని 22 లక్షల 75 వేల పౌండ్లకి కొంది. నాన్న నీడ దాటిన మొదటి అడుగు. మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్. 1994 జనవరిలో మాంచెస్టర్ యునైటెడ్ మీద లివర్‌పూల్ మూడు గోల్స్ వెనకబడి ఉంటే ఈయన రెండు కొట్టాడు, చివరికి 3-3. తరవాత చోటు పోయింది. రాబీ ఫౌలర్ అనే పద్ధెనిమిదేళ్ళ కుర్రాడు వచ్చేశాడు, కొన్నవాడి స్థానంలో కొత్త మేనేజరొచ్చాడు. అటు నుంచి మాంచెస్టర్ సిటీ. అక్కడా కుదురుకోలేదు. "చూశావా, నాన్న లేకపోతే ఇంతే" అని ఒకాయన. "ఫౌలర్ ఉండగా ఎవరికి చోటు దొరికిందయ్యా" అని ఇంకొకాయన.

అందరు తండ్రులూ ఒకేలా నడుపుకోలేదు ఈ వ్యవహారం. అదే కాలంలో మాంచెస్టర్ యునైటెడ్‌లో అలెక్స్ ఫెర్గూసన్ కొడుకు డారెన్ ఆడేవాడు. 1992-93లో మొదటి నెలల్లో వరసగా ఆడాడు, ఛాంపియన్ పతకం కూడా వచ్చింది. గాయం తగిలాక చోటు పోయింది. 1994 జనవరిలో తండ్రే వుల్వ్స్‌కి అమ్మేశాడు. ఇంట్లో అన్నం ఎలా పెట్టారో మరి! బార్సిలోనాలో యోహాన్ క్రైఫ్ కొడుకు జోర్డీది ఇంకో రకం. 1996 మేలో క్రైఫ్‌ని క్లబ్బు తీసేసింది. మర్నాడే సొంత మైదానంలో మ్యాచు. తండ్రి లేడు, కొడుకు ఆడాడు. చివర్లో జోర్డీని బయటికి పిలిస్తే స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఎవరికో జోర్డీతో సహా అందరికీ తెలుసు. తండ్రిని తిట్టడానికే కాదు, తండ్రికి దండం పెట్టడానికి కూడా కొడుకే కావాల్సొచ్చాడు.

ఇక మన హైదరాబాద్ సంగతి. దీన్ని నేను ఈ బావాబావమరుదులిద్దరికీ చెప్పాను, ఇద్దరూ నోరు తెరుచుకుని విన్నారు. సయ్యద్ అబ్దుల్ రహీమ్, హైదరాబాద్ బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన ఇండియా కోచ్‌గా ఉండగానే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానంలో నిలిచాం. 2024లో అజయ్ దేవగన్‌తో "మైదాన్" అని హిందీ సినిమా వచ్చింది ఈయన మీదే. రహీమ్ గారి అబ్బాయి సయ్యద్ షాహిద్ హకీమ్ కూడా ఫుట్‌బాల్ ఆటగాడే, మిడ్‌ఫీల్డర్. 1960 రోమ్ ఒలింపిక్స్‌కి తండ్రి కోచ్‌గా వెళ్ళిన జట్టులో కొడుకు పేరుంది. ఇండియా మూడు మ్యాచులాడింది. హంగరీతో 2-1 ఓటమి, ఫ్రాన్స్‌తో 1-1, పెరూతో 3-1 ఓటమి. మూడింటిలోనూ హకీమ్ మైదానంలోకి దిగలేదు. రెండేళ్ళ తరవాత జకార్తాలో ఏషియన్ గేమ్స్. రహీమ్ కేన్సర్‌తోనే ఆ జట్టుని నడిపించి, ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చాడు. ఆ పతకం జట్టులో హకీమ్ లేడు. మరుసటి ఏడాది, 1963 జూన్‌లో రహీమ్ చనిపోయాడు.

ఆటపరంగా ఆ నిర్ణయాలు సరైనవే అయ్యుండొచ్చు. ఆ జట్లలో ఉన్నవాళ్ళు మామూలువాళ్ళు కారు. కొడుకు తరవాత ఫిఫా రెఫరీ అయ్యాడు, కోచ్ అయ్యాడు, వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశాడు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నాడు. 2021లో పోయాడు. ఒలింపియన్ హకీమ్ సాబ్ అని గౌరవంగా పిలిచేవారు. ఒలింపిక్స్‌లో ఒక్క నిమిషం ఆడని ఒలింపియన్. రహీమ్ సాబ్ పక్షపాతం చూపించాడని అరవయ్యేళ్ళలో ఎవరూ వేలెత్తి చూపించలేదు. వేలెత్తడానికేమీ మిగల్లేదు మరి.

ఇది విని సైకిలాయన "అదీ తండ్రంటే" అన్నాడు వెంటనే. బస్సాయన టీ కప్పు కింద పెట్టి, "ఆ అబ్బాయి రోమ్‌లో మూడు మ్యాచులూ బయట కూర్చుని చూశాడా?" అని అడిగాడు. అవునన్నాను. ఇంకేమీ మాట్లాడలేదాయన. నాకు మా హైస్కూలు, ఆ కోసేసిన మూడు మార్కులు గుర్తొచ్చాయి.

నైజెల్ కథ అక్కడితో ఆగిపోయుంటే బావమరుదుల గొడవా ఎప్పుడో చల్లారేది. ఆగలేదు. 1998లో ఆయన బర్టన్ ఆల్బియన్ అనే ఊరి జట్టుకి ప్లేయర్-మేనేజరుగా చేరాడు. బర్టన్ అంటే బీరు కాచే ఊరు. జట్టు అప్పటికి పెద్ద లీగ్ దరిదాపుల్లో కూడా లేదు. పదేళ్ళపైన అక్కడే ఉన్నాడు, ఏ హడావిడీ లేకుండా. 2006 జనవరిలో ఎఫ్ఏ కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్ ఆ ఊరికొస్తే 0-0తో నిలిపాడు. 2009 జనవరికి బర్టన్ తన లీగ్‌లో అందరికంటే చాలా ముందుంది. అప్పుడు డెర్బీ కౌంటీ నుంచి పిలుపొచ్చింది.

డెర్బీ మాకు పదిహేను మైళ్ళు. కారులో అరగంట. కానీ ఫుట్‌బాల్ లెక్కలో అది శత్రుదేశం. ఫారెస్ట్‌కి డెర్బీ అంటే ఎంత మంటో, డెర్బీకి ఫారెస్ట్ అంటే అంత. తమాషా ఏమిటంటే బ్రయన్ క్లఫ్ ముందు డెర్బీ మేనేజరే. 1972లో ఆ జట్టుకి మొదటి లీగ్ టైటిల్ తెచ్చాడు, డైరెక్టర్లతో పోట్లాడి 1973లో రాజీనామా చేశాడు, 1975లో ఇటొచ్చాడు. ఇక్కడ పనిచేస్తూ కూడా కాపురం అటువైపే పెట్టాడు. నైజెల్ పెరిగింది అక్కడే. రెండు ఊళ్ళూ ఒకే మనిషిని మావాడంటే మావాడని కొట్టుకుంటాయి. రెంటినీ కలిపే ఎ52 రోడ్డుకి 2005లో బ్రయన్ క్లఫ్ వే అని పేరు పెట్టారు. ఇటునుంచి వెళ్ళేవాళ్ళకీ అటునుంచి వచ్చేవాళ్ళకీ ఆయన పేరు మీదే ప్రయాణం.

131 గోల్స్ ఫారెస్ట్‌కి కొట్టినవాడు డెర్బీ మేనేజరయ్యాడు. మా వీధిలో ఆ వారం ఏం జరిగిందో బస్సాయన భార్య చెప్పింది. ఆమె మొగుడు పొద్దున్నే పేపరు చదివి, మడిచి, చెత్తబుట్టలో కాకుండా జాగ్రత్తగా బీరువాలో పెట్టాడట. తమ్ముడు మాత్రం ఫోను చేసి, ఇరవై ఐదేళ్ళుగా తను చెబుతున్నది ఇదేనన్నాడట. రెండు ఎలా కలుస్తాయో ఆమెకి ఇప్పటికీ అర్థం కాలేదంది. నాకూ కాలేదు.

విధి కూడా ఆలస్యం చెయ్యలేదు. నెల తిరగకుండానే ఎఫ్ఏ కప్‌లో డెర్బీకీ ఫారెస్ట్‌కీ పడింది. మొదటిది 1-1. రీప్లే ఫిబ్రవరి 4న సిటీ గ్రౌండ్‌లో. పావుగంటలోపే ఫారెస్ట్ రెండు గోల్స్ కొట్టేసింది. తరవాత డెర్బీ ఒకటి, రెండు, మూడు. 3-2. సిటీ గ్రౌండ్‌లో డెర్బీ గెలవడం 1971 తరవాత అదే మొదటిసారి. 1971లో ఆ గెలుపు తెచ్చిన డెర్బీ మేనేజరు ఎవరనుకున్నారు? బ్రయన్ క్లఫ్. ముప్ఫై ఏడేళ్ళు ఎవరివల్లా కానిది, తండ్రి తరవాత మళ్ళీ కొడుకు వల్లే అయింది. అదీ తండ్రి విగ్రహం ఉన్న ఊళ్ళో.

ఆ రాత్రి చలిలో ఇద్దరూ ఒకే స్టాండులో ఉన్నారు. ఆట అయిపోయాక డెర్బీ మేనేజరు సొరంగం వైపు నడుస్తుంటే బస్సాయన చప్పట్లు కొట్టాడు. ఓడిన మైదానంలో, ఎర్ర మఫ్లర్ వేసుకుని. పక్కన బావమరిది ఆయన చెయ్యి పట్టుకుని దించాడు. నడుచుకుంటూ ట్రెంట్ వంతెన దాటేదాకా ఇద్దరికీ మాటల్లేవు. ఆ తరవాత ఆరు వారాలు ఆదివారం భోజనానికి తమ్ముడు రాలేదని ఆమె చెప్పింది.

ఒక్కమాట మాత్రం నా తరఫున చెప్పాలి. డెర్బీవాళ్ళు చూపించిన ఓపిక కూడా ఇంటిపేరుకే. మొదటి మూడు సీజన్లలో జట్టు పద్ధెనిమిది, పద్నాలుగు, పంతొమ్మిది స్థానాల్లో నిలిచింది. వేరే ఎవడైనా అయితే రెండో ఏడు చూసేవాడు కాదు. అప్పులు తగ్గించాలి, చవకలో కుర్రాళ్ళని తేవాలి, అదంతా నిజమే, ఆ పని బాగానే చేశాడు. కానీ స్టాండ్స్‌లో వినబడే పాటలు తండ్రివి. ఒక ఊళ్ళో తండ్రి మీద చూపించలేని కోపం ఈయన మీద పడింది, ఇంకో ఊళ్ళో తండ్రికి తీర్చని బాకీ ఈయనకి జమ అయింది. రెండూ ఆయన సంపాదించుకున్నవి కావు.

బాకీ కూడా తీరిపోయింది. 2013 సెప్టెంబరు 28, మళ్ళీ సిటీ గ్రౌండ్, ఫారెస్ట్ 1, డెర్బీ 0. ఆ సాయంత్రమే డెర్బీ ఆయన్ని తీసేసింది. తను పేరు తెచ్చుకున్న మైదానంలో ఓడిపోయి, తను పెరిగిన ఊరి ఉద్యోగం పోగొట్టుకున్నాడు, ఒకే రోజున. సైకిలాయన ఆ రాత్రి పబ్బులో గెలుపు పండగ చేసుకుని ఇంటికొచ్చి, ఉద్యోగం తీసేసిన వార్త టీవీలో చూసి, "వాళ్ళ నాన్నని కూడా సరిగ్గా చూసుకోలేదు ఈ డెర్బీ వెధవలు" అన్నాడట. ఇది అక్క చెప్పిన సాక్ష్యం. ఆయన ఒప్పుకోడు.

తరవాత షెఫీల్డ్ యునైటెడ్‌ని ఎఫ్ఏ కప్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. మళ్ళీ బర్టన్‌కి వెళ్ళి 2016లో ఆ చిన్న ఊరిని రెండో డివిజన్‌కి చేర్చాడు. 2020లో కోవిడ్ దెబ్బకి క్లబ్బుకి డబ్బుల్లేకపోతే జీతం భారం తగ్గుతుందని తనే తప్పుకున్నాడు. ఆ ఏడాది చివర్లో మాన్స్‌ఫీల్డ్ చేరాడు, 2024లో వాళ్ళనీ ఒక మెట్టు పైకెక్కించాడు. ఆ విజయాల్లో ఏ ఒక్కదానికీ ఆయన తండ్రి పదకొండు పేర్ల కాగితం రాయలేదు.

మాన్స్‌ఫీల్డ్ మాకు ఉత్తరాన పద్నాలుగు మైళ్ళు. నేను కిందటేడు బస్సాయనతో కలిసి ఒక మ్యాచుకి వెళ్ళాను. చిన్న స్టేడియం, వేడి వేడి పై, పక్కన గాలికి ఎగిరిపోయే కాగితపు కప్పులు. మైదానం గీత దగ్గర నల్ల కోటులో, చేతులు జేబుల్లో పెట్టుకుని, అరవైకి దగ్గరపడుతున్న మనిషి, అరవకుండా నిలబడి ఉన్నాడు. ముందు వరసలో ఓ పదేళ్ళ పిల్లాడు వాళ్ళ నాన్నని "ఆయన ఎవరు?" అని అడిగాడు. "నైజెల్ క్లఫ్, మన మేనేజరు" అన్నాడు ఆ నాన్న, ఆట మీంచి చూపు తిప్పకుండా. ఇంకేమీ కలపలేదు. బస్సాయన మోచేత్తో నన్ను పొడిచాడు.

మేం వచ్చేసరికి సైకిలాయన గుమ్మంలోనే ఉన్నాడు. "ఎంత?" అని అడిగాడు. చెప్పాం. "ఆ సెంటర్ ఫార్వర్డ్‌ని ఇంకా ముందే దింపుండాల్సింది" అన్నాడు. మరి ఈయన మ్యాచు ఎక్కడ చూశాడో అడగలేదు.